క్వారీ గుంతలో చెత్త వేయొచ్చా? కన్సల్టెంట్ మ్యాప్ మాత్రం పచ్చగా చూపిస్తోంది

వార్డు_ఇంజనీర్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీలో పని చేస్తున్నాను. ఊరి పేరు ఇక్కడ రాయలేను, అర్థం చేసుకోండి. మా పాత డంపింగ్ యార్డ్ నిండిపోయింది. కొత్త స్థలం తేల్చమని పైనుంచి ఒత్తిడి.

మూడు స్థలాలు చేతిలో ఉన్నాయి. ఒకటి మూతపడ్డ కంకర క్వారీ. గుంత ఎలాగూ ఉంది, తవ్వకం ఖర్చు మిగులుతుంది కదా అని పెద్దల ఉద్దేశం. రెండోది గుట్ట కింద పదెకరాల సర్కారు భూమి. దాని దిగువన చెరువు ఉంది, ఆ చెరువు మత్తడి దూకితే ఇంకో చెరువు, అలా గొలుసుకట్టు. మూడోది ఊరికి బాగా దూరంగా ఉన్న నల్లరేగడి నేల, రవాణా ఖర్చు ఎక్కువని ఎవరికీ ఇష్టం లేదు.

కన్సల్టెంట్ శాటిలైట్ చిత్రాలు, జీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) వాడి ఎనిమిది లేయర్లు (ఒక్కో అంశానికి ఒక్కో మ్యాపు పొర) కలిపి ఒక మ్యాప్ ఇచ్చారు. క్వారీ ముదురు ఆకుపచ్చ, అంటే 'అత్యంత అనుకూలం'. గుట్ట కింద భూమి లేత ఆకుపచ్చ. నల్లరేగడి పసుపు. నేను సివిల్ వాణ్ణి, జియాలజీ బీటెక్‌లో ఒక సెమిస్టర్ చదివిందే. క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్ మాత్రం తెలుసు. ఈ మ్యాప్ చూసి సంతకం పెట్టొచ్చా? టెన్షన్‌గా ఉంది.

పిక్సెల్_పద్మ | సోమవారం, రాత్రి 10:05

సంతకం ఇప్పుడే పెట్టకండి. ముందు ఆ రిపోర్టులో రెండు విషయాలు వెతకండి: ఏ లేయర్‌కు ఎంత వెయిటేజీ ఇచ్చారు, ఏ లేయర్ ఏ స్కేలుది.

ఈ తరహా మ్యాపుల్లో నాకు ఎప్పుడూ అనుమానం వచ్చే చోటు వెయిటేజీ పట్టికే. రోడ్డుకు దగ్గరగా ఉంటే ఎక్కువ మార్కులు, ఊరికి దూరంగా ఉంటే మార్కులు, పంట భూమి కాకపోతే మార్కులు. మూతపడ్డ క్వారీకి ఈ మూడింట్లోనూ ఫుల్ మార్కులే పడతాయి. భూగర్భ జలానికి 15 శాతం వెయిటేజీ ఇస్తే, అందులో సున్నా వచ్చినా మొత్తం మీద క్వారీ డిస్టింక్షన్‌లో పాసవుతుంది. నీళ్ళ విషయంలో ఫెయిలైన స్థలం రోడ్డు బాగుందని పాసవడమేంటి? అందుకే మార్కులు వేసే ముందే కొన్నిటిని కొట్టేయాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఆ గీతలు ఇచ్చారు: నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇళ్ళకూ హైవేలకూ తాగునీటి బావులకూ 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు. వరద మైదానాల్లో వేయకూడదు. ఇవి దాటిన స్థలాలకే మార్కులు.

స్కేలు సంగతి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో పిక్సెల్ 30 మీటర్లు, అంటే ఒక గడి 900 చదరపు మీటర్లు. మీ పదెకరాలు 45 గడులు. జియాలజీ లేయర్ 1:50,000 మ్యాపు నుంచి తీసి ఉంటే, కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 50 మీటర్లు. ఆ మ్యాపులో మీ మండలమంతా ఒకే గులాబీ రంగు, 'గ్రానైట్' అని ఒక్క మాట. మూడు స్థలాలకూ ఒకే మార్కు పడి ఉంటుంది చూడండి.

వార్డు_ఇంజనీర్ | సోమవారం, రాత్రి 10:31

చూశానండి. జియాలజీలో మూడింటికీ ఒకే మార్కు. భూగర్భ జలం వెయిటేజీ మీరన్నంత కూడా లేదు, 12 శాతం. రోడ్డుకు 20.

భూగర్భ_తాత | మంగళవారం, ఉదయం 5:48

రిటైరైన జియాలజిస్టుని. పొద్దున్నే లేచే అలవాటు.

బాబూ, గ్రానైట్ క్వారీ గుంతను రెడీమేడ్ తొట్టి అనుకుంటున్నారు మీ పెద్దలు. అది తొట్టి కాదు, జల్లెడ. మన హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. రాయి గింజల మధ్య నీరు పట్టే ఖాళీలు దాదాపు ఉండవు, ఆ మాట నిజమే. నీళ్ళు ఉండేది రెండు చోట్ల. పైన రాయి కుళ్ళి మొరంగా మారిన పొర. దాని కింద గట్టి బండలోని పగుళ్ళు. క్వారీ వాడు ఏం చేశాడు? పైనున్న మట్టీ మొరం పూర్తిగా గీకేశాడు, అంటే కాస్తో కూస్తో వడగట్టే పొర పోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బ్లాస్టింగ్ చేశాడు, అంటే ఉన్న పగుళ్ళు తెరుచుకున్నాయి, లేనివి పుట్టాయి. ఇప్పుడు ఆ గుంత అడుగున చెత్త పోస్తే, దాన్నుంచి ఊరే నల్ల నీళ్ళు నేరుగా పగులులోకి పోతాయి. మట్టిలో అయితే మెల్లగా ఇంకుతాయి, దారిలో కొంత శుభ్రపడతాయి. పగులులో ఆ అవకాశం లేదు. ఎటు పగులుంటే అటు, ఎంత దూరముంటే అంత.

ఇంకో మాట. ఆ నిబంధనల్లో ఇంకొకటుంది, పద్మ గారు రాయలేదు: భూగర్భ జల మట్టం వానాకాలంలో ఎంత పైకొచ్చినా సరే, అడుగున వేసే బంకమట్టి పొరకు కనీసం రెండు మీటర్ల కిందే ఉండాలి. మీ క్వారీలో ఎండాకాలం నీళ్ళుంటాయా? ఉంటే అది గుంతలో నిలిచిన వాన నీరా, ఊట నీరా? ఊట అయితే మీ గుంత అడుగు ఇప్పటికే జల మట్టానికి కింద ఉన్నట్టు. అప్పుడిక మాట్లాడుకోవడానికేమీ లేదు.

పిక్సెల్_పద్మ | మంగళవారం, ఉదయం 8:20

తాతగారు అడిగిన దానికి శాటిలైట్ జవాబు చెప్పగలదు. సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, 10 మీటర్ల పిక్సెల్, దాదాపు ప్రతి ఐదు రోజులకొకటి. గత నాలుగైదేళ్ళ ఏప్రిల్, మే చిత్రాలు దించుకుని నీటి సూచిక (నీళ్ళున్న గడుల్ని వేరుచేసే లెక్క) వేయండి. మే నెలాఖరులోనూ గుంతలో నీళ్ళు కనబడితే, చుట్టుపక్కల కుంటలు ఎండినా ఇది ఎండకపోతే, అది ఊటే అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అక్కడ ఎవరైనా మోటరు పెట్టి తోడుతున్నారేమో కూడా కనుక్కోండి, లెక్క తప్పుతుంది.

కాకతీయ_కుర్రాడు | మంగళవారం, ఉదయం 11:02

ఎమ్మెస్సీ జియాలజీ ఫైనలియర్. నా ప్రాజెక్టు కూడా ఇలాంటిదే, అందుకే మధ్యలో దూరుతున్నా. పగుళ్ళు కనుక్కోవడానికి లీనమెంట్ మ్యాపింగ్ (నేల మీద తిన్నగా సాగే గీతల్ని గుర్తించడం) చేస్తున్నా. ఎత్తుల డేటా నుంచి హిల్‌షేడ్ (ఒక దిక్కు నుంచి వెలుతురు వేసినట్టు వచ్చే నీడల బొమ్మ) తీసి సాఫ్ట్‌వేర్‌తో ఆటోమేటిగ్గా గీతలు గీయించా. వందల్లో వచ్చాయి, ఎక్కువ భాగం ఈశాన్య-నైరుతి దిశలో. సార్ చాలా బాగుందన్నారు. నాకే డౌట్‌గా ఉంది.

పిక్సెల్_పద్మ | మంగళవారం, ఉదయం 11:40

నీ డౌటే కరెక్ట్ తమ్ముడూ. హిల్‌షేడ్‌లో వెలుతురు వాయవ్యం నుంచి, 315 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటావు, అది డిఫాల్ట్. వెలుతురుకు అడ్డంగా ఉన్న గీతలే నీడ పడి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వాయవ్యం నుంచి వెలుతురు వేస్తే ఈశాన్య-నైరుతి గీతలే ఎక్కువ రావడంలో వింతేముంది? కనీసం నాలుగు దిక్కుల నుంచి వెలుతురు మార్చి చూడు. ప్రతిసారీ నిలబడే గీతలే ఉంచు.

తర్వాత వాటి మీద రోడ్లు, కాలువలు, రైలు పట్టాలు, చెరువు కట్టలు, హైటెన్షన్ లైన్లు పరిచి చూడు. సగం ఎగిరిపోతాయి. సాఫ్ట్‌వేర్‌కు చెరువు కట్టకీ, డైక్ అనే రాతి గోడకీ తేడా తెలియదు, తిన్నగా ఉంటే చాలు.

భూగర్భ_తాత | మంగళవారం, సాయంత్రం 4:15

మిగిలిన సగం పట్టుకుని నడిచి చూడాలి బాబూ. ఎండాకాలంలో చుట్టూ ఎండిపోయి ఒక వరసలోనే చెట్లు పచ్చగా ఉన్నాయా? పాత దిగుడు బావులు ఒకే గీత మీద ఉన్నాయా? నల్లటి గుండ్రాళ్ళు వరసగా గుట్టలా లేచాయా? మూడోది డోలరైట్ డైక్. గ్రానైట్‌ను చీల్చుకుని వచ్చిన నల్లరాయి గోడ అనుకో. కొన్ని డైకులు నీటికి అడ్డుకట్టలా నిలబడతాయి, కొన్నింటి అంచుల వెంట రాయి నుజ్జయి నీళ్ళు పరుగెడతాయి. చిత్రంలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి. స్థలానికి డైక్ దగ్గరగా ఉంటే మంచిదా చెడ్డదా అని రిపోర్టులో ఒక్క ముక్కలో రాసేవాణ్ణి నేను నమ్మను.

బోరుబండి_బాస్ | మంగళవారం, రాత్రి 8:50

సార్లకు నమస్తే. నాది బోరు లారీ. మీ ముచ్చట చదువుతుంటే ఆగలేక రాస్తున్నా.

డైక్ గురించి తాతగారు చెప్పింది నూటికి నూరు కరెక్ట్. నల్లరాయికి ఈ పక్క బోరు వేస్తే రెండించుల నీళ్ళు, ఆ పక్క పది గజాల దూరంలో వేస్తే దుమ్ము తప్ప ఏం రాదు. మాకు ఇది రోజూ కనిపించేదే. ఇంకోటి, పగులును మేం గ్యాప్ అంటం. గ్యాప్ తగిలినప్పుడు రాడ్ ఒక్కసారి జారుతది, చప్పుడు మారుతది, పొడి బదులు తడి ముద్ద వస్తది, తర్వాత నీళ్ళు. ఏ లోతుల మొరం అయిపోయింది, కేసింగ్ ఎన్ని ఫీట్లు దించినం, గ్యాప్ ఎక్కడ తగిలింది, ఇవన్నీ మా డ్రైవర్లు నోట్‌బుక్కుల రాస్తరు, బిల్లు దాని మీదే కదా. ఇంజనీర్ సారూ, మీ స్థలం చుట్టూ వేసిన బోర్ల లెక్కలు ఆ ఏరియాల తిరిగే బండ్లోళ్ళ దగ్గర అడగండి. ఊరికే ఇస్తరు. కొబ్బరికాయ పట్టుకుని తిరిగే ఆయన కన్నా మేలే.

భూగర్భ_తాత | మంగళవారం, రాత్రి 9:05

కొబ్బరికాయ మాట మీరే ఎత్తారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను ఇంకో రెండు పేజీలు రాసేవాణ్ణి. మీ సలహా మాత్రం బంగారం. కేసింగ్ లోతు అంటే మొరం మందం. నలభై బోర్ల కేసింగ్ లోతులు మ్యాపు మీద పెడితే ఏ శాటిలైటూ ఇవ్వలేని పటం వస్తుంది.

చెరువుకింద_రైతు | బుధవారం, ఉదయం 7:30

అందరూ చదువుకున్నోళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేను ఒక డంపింగ్ యార్డ్ దిగువన ఉన్నోణ్ణి. ఎక్కడో చెప్పను.

మొదటి వానకే వాగు నల్లగా వస్తుంది. రెండో ఏడు మా చెరువు నిండా గుర్రపుడెక్క. మూడో ఏడు నుంచి బోరు నీళ్ళు బకెట్‌లో పడితే నురగ. ఆ నీళ్ళతో వండితే అన్నం పొద్దుటికి పచ్చబడి వాసనొస్తుంది. బర్రెలు కూడా మూతి పెట్టి తీసేస్తాయి. ఎవరికి చెప్పినా 'రిపోర్టులో అంతా బాగానే ఉంది' అంటారు. రిపోర్టు కోసం నీళ్ళు తీసింది యార్డ్ పైనున్న బోరులో, మా వైపు కాదు.

నాకొకటే డౌటు. అంత పైనుంచి కారు నంబరు కూడా కనిపిస్తుందంటారు కదా, మా బోరు నీళ్ళు చెడిపోయిన సంగతి కనిపించదా?

పిక్సెల్_పద్మ | బుధవారం, ఉదయం 9:10

కనిపించదు అన్నా. మనకు దొరికే చిత్రాల్లో కారు నంబరూ కనిపించదు, భూమి లోపలి నీళ్ళ రుచీ కనిపించదు. రంగు చిత్రాలకు దొరికేది నేల పైపొరే.

కానీ మీరు చెప్పిన వాటిలో రెండు కనిపిస్తాయి. గుర్రపుడెక్క ఎప్పుడు మొదలైంది, ఏ ఏడు ఎంత మేర కమ్మింది అన్నది సెంటినెల్-2లో నెలవారీగా తీయొచ్చు. వాగు చెరువులో కలిసే మూల నుంచే మొదలైందా అన్నది కూడా తెలుస్తుంది. రెండోది ఎత్తుపల్లాలు. ఎత్తుల డేటా మీద నీటి వాలు గీస్తే యార్డ్ మీద పడిన వాన ఏ వాగు గుండా ఏ చెరువులోకి చేరుతుందో తేలిపోతుంది. దాన్ని బట్టి, శాంపిల్ పైనున్న బోరులో తీశారా కింద తీశారా అన్నది మ్యాపు మీద చుక్క పెట్టి అడగొచ్చు. వాదించడానికి పనికొస్తుంది.

హైదరాబాద్ జవహర్‌నగర్ సంగతి అందరికీ తెలిసిందే. 300 ఎకరాలు దాటిన యార్డ్, ఏళ్ళ తరబడి మామూలుగా గుట్టలు పోశారు, దిగువన మల్కారం చెరువు నల్లబడింది. తర్వాత గుట్టకు పైన కప్పు వేశారు. కప్పు వేస్తే కొత్తగా వాన నీరు దిగడం తగ్గుతుంది. అప్పటికే కింద చేరింది ఎక్కడికీ పోదు. ఆ అడుగున మొదట్నుంచీ లైనర్ (ఊట కిందికి దిగకుండా ఆపే పొర) వేసి ఉంటే కథ వేరు.

భూగర్భ_తాత | బుధవారం, ఉదయం 10:45

రైతు గారూ, మీ ప్రశ్నకు జవాబు భూమి మీదే ఉంది. కరెంటుతో కొలిచే పద్ధతి, రెసిస్టివిటీ సర్వే. నేలలో ఇనుప కడ్డీలు వరసగా పాతి కరెంటు పంపిస్తారు, భూమి ఎంత అడ్డుకుంటోందో కొలుస్తారు. పగుళ్ళు లేని గ్రానైట్ వేల ఓమ్-మీటర్లు చూపిస్తుంది. మంచినీళ్ళున్న మొరం పదుల్లో ఉంటుంది. చెత్త ఊట నిండా లవణాలు, కరెంటు హాయిగా పారుతుంది, విలువ పది కిందికి పడిపోతుంది. ఒక గీత వెంట చేసే సర్వేలో ఆ మురికి నీరు ఎంత లోతులో, ఎంత వెడల్పున వస్తోందో కోసి చూపినట్టు బొమ్మ వస్తుంది. ఒక తిరకాసు ఉంది: బంకమట్టి కూడా తక్కువే చూపిస్తుంది. అందుకే ఒక బోరుతో పోల్చి చూసుకోవాలి.

మీ చేతిలో ఉన్న పని, నీళ్ళ పరీక్ష. అన్నీ చేయించలేకపోతే క్లోరైడ్, నైట్రేట్, కరిగిన మొత్తం లవణాలు ఈ మూడూ చాలు. తాగునీటికి మన ప్రమాణంలో క్లోరైడ్ 250, లవణాలు 500 మిల్లీగ్రాములు లీటరుకు దాటకూడదు, నైట్రేట్ 45. వేరే నీళ్ళు దొరకని చోట క్లోరైడ్‌ను 1,000 దాకా, లవణాలను 2,000 దాకా ఒప్పుకుంటారు, నైట్రేట్‌కు ఆ సడలింపు లేదు. నైట్రేట్ ఒక్కటే ఎక్కువుంటే యూరియా వల్ల అని తోసేస్తారు. క్లోరైడ్ మట్టికి అంటుకోదు, నీళ్ళతో పాటే ప్రయాణం చేస్తుంది, అందుకే దాన్ని పట్టుకోవాలి. యార్డ్ పైనున్న బోరు, కిందున్నవి రెండు, ఒకే రోజు తీయించండి. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి.

న్యూజెర్సీ_నాని | బుధవారం, రాత్రి 7:55

నేను ఇక్కడ పర్యావరణ కన్సల్టింగ్‌లో ఉన్నాను. ఇక్కడ ఏ స్థలం కొనాలన్నా మొదట దాని పూర్వ చరిత్ర తీస్తారు, అందులో పాత ఏరియల్ ఫోటోలు తప్పకుండా ఉంటాయి. 1940ల నుంచి దశాబ్దానికొకటి పక్కపక్కన పెట్టి చూస్తాం. ఫలానా ఏడు గుంత ఉంది, తర్వాతి ఫోటోలో లేదు, అంటే దేనితోనో పూడ్చారు. దేనితో అన్నది తవ్వి చూడాల్సిందే. అమెరికాలోని లవ్ కెనాల్ కూడా అంతే కదా, సగంలో ఆపేసిన కాలువ గుంతలో 1942 నుంచి 1953 దాకా రసాయన వ్యర్థాలు పోసి, మట్టి కప్పి, పైన బడీ ఇళ్ళూ కట్టారు. 1978లో బయటపడింది.

మన దగ్గర అంత పాత ఏరియల్ ఫోటోలు దొరకడం కష్టం. కానీ 1960ల నాటి అమెరికా గూఢచారి ఉపగ్రహం కరోనా చిత్రాలు 1995లో బయటపెట్టారు. మన ప్రాంతాలవీ ఉన్నాయి, ఎవరో ఒకరు అప్పటికే స్కాన్ చేయించి ఉంటే ఉచితంగా దిగుతాయి. నలుపు తెలుపే, కానీ చెరువు కట్టలు స్పష్టంగా కనిపిస్తాయి. మీ 'సర్కారు భూమి' అరవై ఏళ్ళ కిందట ఏమిటో చూడండి. మన ఊళ్ళలో ఖాళీ సర్కారు భూమి అంటే సగం సార్లు పూడిపోయిన కుంటే.

వార్డు_ఇంజనీర్ | గురువారం, రాత్రి 11:20

రెండు అప్‌డేట్లు.

క్వారీ: అన్ని మే నెలల్లోనూ నీళ్ళున్నాయి. పక్క కుంటలు ఎండినా అది ఎండలేదు. ఇవాళ వెళ్ళి చూశాను. తూర్పు గోడలో మనిషి తల ఎత్తున ఒక పగులు, దాని పొడవునా తుప్పు రంగు మరక, మరక కింద నాచు, చెమ్మ దిగుతోంది. ఈ ఎండల్లో. ఫోటో పెట్టాను చూడండి. అక్కడ కాపలా ఉండే ఆయన, 'అది ఎప్పుడూ కారుతుంది సార్, మేం కాళ్ళు కడుక్కునేది అక్కడే' అన్నాడు.

గుట్ట కింద భూమి: నాని గారు చెప్పినట్టు పాత టోపోషీట్ చూస్తే దాని దిగువ మూలలో చిన్న నీలం మచ్చ ఉంది. గ్రామ నక్షాలో అది శిఖం (చెరువు ముంపు) భూమి. ఇప్పటి చిత్రాల్లో అక్కడ ఏమీ లేదు, తుమ్మ చెట్లు తప్ప.

ఇప్పుడు వేరే డౌటు. పాత యార్డ్‌లో ఎంత చెత్త ఉందో లెక్క కట్టమన్నారు, బయోమైనింగ్ (పాత చెత్తను తవ్వి వేరుచేయడం) టెండరుకు. యార్డ్ మొదలవకముందు 2000లో అమెరికా షటిల్ రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల్ని ఇస్రో భువన్ సైట్‌లో దొరికే కార్టోడెమ్ ఎత్తుల నుంచి తీసేశాను. గుట్ట ఎత్తు రావాలి కదా, మైనస్ 60 మీటర్లు వస్తోంది! పక్కనున్న పొలాల్లో మైనస్ 70 పైనే. ఎక్కడ తేడా కొట్టింది?

పిక్సెల్_పద్మ | శుక్రవారం, ఉదయం 8:05

రెండూ వేర్వేరు సున్నాల నుంచి కొలిచినవి. ఎస్ఆర్‌టీఎం సముద్ర మట్టం లాంటి జియాయిడ్ నుంచి కొలుస్తుంది. కార్టోడెమ్ భూమి ఆకారానికి గణితంలో వేసిన నున్నటి దీర్ఘవృత్తజం నుంచి. దక్షిణ భారతంలో ఈ రెంటి మధ్య తేడా చాలా ఎక్కువ, శ్రీలంక దిగువన ప్రపంచంలోనే పెద్ద గురుత్వ పల్లం ఉంది కాబట్టి. మన దగ్గర 70 మీటర్లకు పైమాటే. రెంటినీ ఒకే సున్నాకు మార్చాక తీసివేయండి. అప్పుడు పొలాల్లో సున్నాకు దగ్గరగా రావాలి, అదే మీ పరీక్ష.

అయినా టెండరుకు ఆ లెక్క వాడకండి. ఎత్తులో ఒక్క మీటరు తప్పు పదెకరాల మీద 40 వేల ఘనపు మీటర్లు. ఈ రెండు డేటాల్లో ఒక్కో చోట తప్పు అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. జవహర్‌నగర్ అంత పెద్ద గుట్టకైతే ఆ తప్పు కొంత సర్దుకుంటుంది, మీ చిన్న గుట్టకు కాదు. బిల్లు టన్నుల మీద కడతారు. డ్రోన్ సర్వే చేయించండి, నేల మీద గుర్తులు పెట్టి. పాత నేల మట్టం కోసం యార్డ్ అంచుల్లో నాలుగు గుంతలు తవ్వించి అసలు మట్టి ఎక్కడ తగిలిందో కొలవండి. ఇక టన్నుల కోసం సాంద్రత కావాలి. పాత చెత్తలో సగం మట్టీ రాళ్ళే ఉంటాయి, పుస్తకంలోని అంకె వేసేయకుండా ఒక ఘనపు మీటరు తవ్వి తూకం వేయించండి.

కాకతీయ_కుర్రాడు | శుక్రవారం, ఉదయం 9:30

అక్కా, పాత యార్డ్ లోపల మంటలున్నాయేమో వేడిని కొలిచే థర్మల్ బ్యాండుతో తెలుస్తుందా? నేను ల్యాండ్‌శాట్‌లో చూస్తే యార్డ్ కన్నా పక్కనున్న బోడగుట్టే ఎక్కువ వేడి చూపిస్తోంది.

పిక్సెల్_పద్మ | శుక్రవారం, ఉదయం 9:52

ల్యాండ్‌శాట్ మన మీదుగా పోయేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. అప్పటికే బండ కాలిపోతుంటుంది. పైగా థర్మల్ అసలు పిక్సెల్ 100 మీటర్లు, 30కి సాగదీసి ఇస్తారు. రాత్రి చిత్రాలు చూడు, చలికాలానివైతే ఇంకా మంచిది. తెల్లవారుజాముకు బండ కొంతైనా చల్లారుతుంది, లోపల కుళ్ళే చెత్త మాత్రం వెచ్చగానే ఉంటుంది. 2016లో ముంబై దేవనార్, 2023లో కొచ్చి బ్రహ్మపురం లాంటి పెద్ద మంటల పొగ శాటిలైట్లకు చిక్కింది. లోపల్లోపల రగిలే నిప్పు అంత తేలిగ్గా దొరకదు. కుళ్ళే చెత్త నుంచి వచ్చే మీథేన్ వాయువు సంగతి అడగబోతావు: ఉచితంగా రోజూ దొరికే ట్రోపోమీ అనే ఉపగ్రహ పరికరం డేటాలో పిక్సెల్ కిలోమీటర్లలో ఉంటుంది, చిన్న ఊరి యార్డ్‌కు దండగ.

పల్నాడు_పిల్ల | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

మా వైపు ఇంకో సమస్య. గ్రానైట్‌లో కనీసం పగుళ్ళే. మాది సున్నపురాయి. నీళ్ళు రాయిని కరిగించి దారులు చేసుకుంటాయి, నంద్యాల జిల్లాలో బెలూం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా అలా ఏర్పడ్డవే. వదిలేసిన నాపరాయి గుంతలు కనిపిస్తే చాలు, చెత్త ట్రాక్టర్లు అటే వెళ్తాయి. ఇంజనీర్ గారి మూడో స్థలం గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? నల్లరేగడి మంచిది కాదా?

భూగర్భ_తాత | శుక్రవారం, సాయంత్రం 5:30

మాట్లాడదాం అమ్మా. నాకు మూడింట్లో అదే నచ్చింది, షరతులతో.

లైనర్ కింద వేయాల్సిన మట్టి పొర 90 సెంటీమీటర్లు, దానిలోంచి నీరు సెకనుకు కోటో వంతు సెంటీమీటరు కన్నా వేగంగా దిగకూడదు. ఏడాదికి మూడు సెంటీమీటర్ల చొప్పున అనుకోండి. దాని పైన ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు. మొరం నేలలో నీరు దానికి వేల రెట్లు వేగంగా దిగుతుంది. బెంటొనైట్ అనే ఉబ్బే బంకమట్టి కొని కలపాలి, లేదా ఎక్కడి నుంచో బంకమట్టి తోలాలి. నల్లరేగడిని తడి సరిగ్గా చూసి దిమ్మిస కొడితే ఆ పరీక్ష పాసయ్యే అవకాశం ఉంది. రవాణా ఖర్చు ఎక్కువ అంటున్నారు, మట్టి తోలే ఖర్చు మిగిలేది ఎవరూ లెక్కలో వేసినట్టు లేదు.

చిక్కు వేసవిలో. చెయ్యి దూరేంత పగుళ్ళు పడుతుంది. లైనర్ వేసి రోజుల తరబడి ఎండకు వదిలేస్తే అంతే సంగతులు, వెంటనే కప్పాలి. రెండోది, ఆ నల్లమట్టి ఎంత లోతుంది? రెండడుగులే ఉండి కింద మొరం వస్తే పేరుకే రేగడి. మూడోది, తడిసిన రేగడి జారుతుంది. గుట్ట ఎత్తు పెంచుతూ పోతే వాలు నిలబడదు. 2017లో ఢిల్లీ ఘాజీపూర్‌లో చెత్త గుట్ట విరిగిపడి ఇద్దరు పోయారు, అదే ఏడు కొలంబో మీతోటముల్లలో ముప్పై మందికి పైగా.

పిక్సెల్_పద్మ | శుక్రవారం, సాయంత్రం 6:18

వాలు కదలికకు రాడార్ ఉంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ రాడార్ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటుకు వస్తుంది, దాని 24 సెంటీమీటర్ల తరంగం గడ్డీ పొదల్ని దాటి నేలను చూడగలదు. కప్పేసిన పాత గుట్ట ఎంత కుంగుతోందో సెంటీమీటర్లలో చెప్పగలదు. రోజూ లారీలు గుమ్మరించే గుట్ట మీద మాత్రం పనికిరాదు. రెండు చిత్రాల మధ్య ఉపరితలమే మారిపోతే దేన్ని దేనితో పోలుస్తాం?

బోరుబండి_బాస్ | శుక్రవారం, రాత్రి 9:15

రేగడి లోతు చూడనీకి పెద్ద బండి ఎందుకు సారూ, జేసీబీతో ఆరు గుంతలు కొట్టిస్తే గంటల తేలుతది.

వార్డు_ఇంజనీర్ | శనివారం, రాత్రి 10:40

జేసీబీ సోమవారం వస్తోంది. క్వారీ వద్దని నోట్ రాసి, మే నెలల చిత్రాలూ ఆ కారే పగులు ఫోటో జతచేశాను. కన్సల్టెంట్‌కు ఫోన్ చేస్తే 'వెయిటేజీ మార్చి మళ్ళీ రన్ చేస్తాం సార్, మీకు ఏది గ్రీన్ రావాలో చెప్పండి' అన్నాడు. ఏం అనాలో తోచలేదు.

రెసిస్టివిటీ సర్వేకు కొటేషన్ అడిగాను. పాత యార్డ్ దిగువన వాగుకు అడ్డంగా ఒక లైను, రేగడి స్థలంలో ఒకటి. రెండోది కోసేస్తారేమో, మొదటిది మాత్రం వదలను.

చెరువుకింద_రైతు | ఆదివారం, ఉదయం 6:50

ఇంజనీర్ సారూ, రేగడి దగ్గర ఊళ్ళోవాళ్ళకు ఎప్పుడు చెప్తారు? చెప్పేటప్పుడు ఆ రంగుల మ్యాపు చూపించకండి, ఎవరికీ అర్థం కాదు, అర్థం కాలేదని ఎవరూ చెప్పరు. దాని మీద సర్వే నంబర్లు వేయండి. ఏ వాన నీరు ఎవరి పొలం మీదుగా పోతుందో బాణం గుర్తులు పెట్టండి. ఇంకా, యార్డ్ మొదలవకముందే చుట్టుపక్కల బోర్ల నీళ్ళు పరీక్ష చేయించి ఆ కాగితం పంచాయతీలో పెట్టించండి. మా దగ్గర ఆ కాగితం లేకనే, 'మీ నీళ్ళు ముందు నుంచీ అంతే' అంటున్నారు.

వార్డు_ఇంజనీర్ | ఆదివారం, ఉదయం 9:25

నీళ్ళ పరీక్ష నోట్‌లో ఇవాళే చేరుస్తాను. సర్వే నంబర్లు వేయడానికి గ్రామ నక్షా స్కాన్ చేశాను, శాటిలైట్ చిత్రం మీద పెడితే గట్లు పక్కకు జరిగి కనిపిస్తున్నాయి. పద్మ గారూ, ఎన్ని పాయింట్లతో సరిచేయాలి?

పిక్సెల్_పద్మ | ఆదివారం, ఉదయం 10:02

ఊరి పొలిమేర రాళ్ళు ఎన్ని దొరికితే అన్ని. జీపీఎస్ పట్టుకుని పట్వారీ కాలం నాటి మనిషిని ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి, రాళ్ళు ఎక్కడున్నాయో వాళ్ళకే తెలుస్తుంది. కొత్త గట్లను మాత్రం పాయింట్లుగా తీసుకోకండి.